ఏడో నంబరు జాడీ

నేను చేపల గురించి పుస్తకం రాసినవాణ్ణి. నా పీజీ మాత్రం పట్టుపురుగుల మీద. జనగామలో పట్టుపురుగుల పాఠం ఎవరికీ అక్కర్లేదు కనుక, ఇరవై రెండేళ్లుగా మా ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కప్ప, వానపాము, బొద్దింక, చేప, అన్నీ నేనే చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే అన్నీ తెలుసన్న నమ్మకం కుదిరింది. ఆ నమ్మకంతోనే బీఎస్సీ పిల్లల కోసం జువాలజీ ప్రాక్టికల్స్ గైడు ఒకటి రాసి అచ్చు వేయించాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పద్నాలుగు కాలేజీలు దాన్నే వాడతాయి. అట్ట మీద సుభాష్, ఎమ్మెస్సీ అని నా పేరు, కింద కోటు వేసుకున్న నా ఫోటో ఉంటాయి. కోటు తమ్ముడిది.

గైడులో నలభై ఆరో పేజీ కానాగంత చేపది. సముద్రపు చేప. దాని గుర్తులు ఒక పెద్ద పుస్తకంలో నుంచి ఎత్తి రాశాను. పక్కన ఫోటో మాత్రం స్వయంగా తీశాను. మా ల్యాబులో ఏడో నంబరు జాడీలో ఫార్మలిన్ మందులో నిలువుగా నిలబడి ఉండే చేప ఫోటో అది.

ఆ చేప సంగతి చెప్పాలి. మొదట కాలేజీ పెట్టినప్పుడు మద్రాసు కంపెనీ పంపిన అసలు కానాగంత ఉండేది. ఒక ఎండాకాలం సెలవుల్లో మందు ఆవిరైపోయి అది కుళ్లింది. వారంలో ఇన్‌స్పెక్షన్ ఉంది. నేను సంచీ పట్టుకుని స్టేషన్ అవతల మరియం బీ దుకాణానికి పోయాను. రవ్వ, బొచ్చె, కొర్రమీను తప్ప ఆమె దేన్నీ పేరు పెట్టి పిలవదు. ఆదివారాలు ఆంధ్ర నుంచి ఐసు పెట్టెల్లో వచ్చేవన్నీ ఆమెకు ‘సముద్రపువి’. కానాగంత కావాలన్నాను. ఒకటి తీసిచ్చింది. ఒళ్లు కండెలాగా ఉంది, తోక దగ్గర చిన్న చిన్న విడి రెక్కలున్నాయి. సరిపోయింది అనుకున్నాను. కోస్తాలో ఐదేళ్ల పిల్ల అయినా దాన్ని చూసి నవ్వేది. ఇక్కడ నవ్వేవాళ్లు లేరు కనుక అది పదకొండేళ్లు కానాగంతగా బతికింది.

ఆ పదకొండేళ్లలో ఎంతమంది పిల్లలు ఆ జాడీ ముందు నిలబడి ‘ఐదు విడి రెక్కలు’ అని రాశారో లెక్క లేదు. ప్రాక్టికల్ పరీక్షలో పది జాడీలకు పేర్లు పీకేసి నంబర్లు మాత్రం అతికిస్తాం. రెండు నిమిషాలకొకసారి గంట కొడితే పిల్లలు ఒక జాడీ నుంచి ఇంకో జాడీకి జరుగుతారు. వాళ్లు చేపను చూడరు, నంబరు చూస్తారు. ఏడు అంటే కానాగంత. ఏ నంబరుకు ఏ పేరో రాసిన పట్టీ సీనియర్లు జూనియర్లకు అప్పగించి పోతారు. అది నాకూ తెలుసు, నాకూ సుఖమే.

రక్షిత ఆ పట్టీ తీసుకోలేదు. గుగులోతు రక్షిత. గంగారం దగ్గర ఒక తండా ఆమెది. జనగామలో హాస్టల్లో ఉండి చదివేది. ఎండాకాలం సెలవులకు ఇంటికి పోయి మిర్చి కల్లాల్లో కూలికి తాలు ఏరేదట. తాలు అంటే తెలుసు కదా, రంగు పోయిన పొల్లుకాయ. వేలకొద్దీ ఎర్రటి కాయల్లో దాన్ని చూపుతోను, వేలితోను పట్టి తీసి పక్కన పడేయాలి. ఆ పని చేసిన పిల్లకు ఊరికే చూడటం రాదు. నాకు తెలివైన పిల్లలంటే ఇష్టమే, మొదటి బెంచీలో కూర్చుని నేను చెప్పింది నాకే అప్పగించినంత వరకు.

ఆ ఏడు ఆమెకు సముద్రం ఒడ్డున ఉన్న ఒక యూనివర్సిటీలో సముద్ర జీవశాస్త్రం పీజీ సీటు వచ్చింది. మా కాలేజీ పుట్టాక అటువంటి సీటు ఎవరికీ రాలేదు. జూలై నెలాఖరుకు డిగ్రీ పాసైన మెమో చూపిస్తే చాలు. స్టాఫ్‌రూముకు వచ్చి చాక్లెట్లు పంచింది.

“సముద్రం ఎప్పుడన్న చూసినవా?” అని అడిగాను.

“లేద్సార్. ఇగ చూస్త,” అంది.

నేను కూడా చూడలేదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

ప్రాక్టికల్ పరీక్ష రెండు రోజులు. రక్షితది మొదటి రోజు బ్యాచి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వచ్చినాయన వరంగల్ వైపు పెద్దమనిషి, రిటైర్మెంటు దగ్గర పడ్డవాడు. నవ్వడం అలవాటైన మనిషి. ఆయనకు టీ, బిస్కెట్లు, వేడి సమోసాలు చూసుకోవడంలో నేను కిటికీ దగ్గరే ఉండిపోయాను. గంట కొట్టే పని మా ల్యాబు అటెండరు ఫకీర్ అహ్మద్‌ది. ఏడో నంబరు దగ్గర రక్షిత ఏం చేసిందో నేను చూడలేదు. సాయంత్రం పేపర్లు దిద్దుతూ ఎక్స్‌టర్నల్ గట్టిగా నవ్వినప్పుడే తెలిసింది.

“సుభాష్ గారూ, గిది వినుండ్రి,” అని చదివాడు.

‘ఏడో నంబరు. ఇది కానాగంత కాదు. కానాగంతకు వీపు మీది రెండో రెక్క వెనక ఐదు చిన్న విడి రెక్కలు ఉంటాయి. దీనికి ఎనిమిది ఉన్నాయి. కానాగంతకు తోక పక్కన ఒళ్లు నున్నగా ఉంటుంది. దీనికి రెండు పక్కలా గట్టి పెంకులు రంపం పళ్ల లాగా వరసగా ఉన్నాయి. తోక నుంచి తల వైపు వేలు జరిపితే గీసుకుంటుంది. కింది రెక్క ముందర రెండు విడి ముళ్లు ఉన్నాయి. కానాగంతకు అట్లా ఉండవు. దీని పేరు నాకు తెలియదు. మన గైడులో లేదు.’

కింద కాగితం మీద గోరంత నెత్తుటి మరక ఎండిపోయి ఉంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను లేచి గైడు ఉన్న అరకు అడ్డంగా నిలబడ్డాను. ఎక్స్‌టర్నల్ ఆ పిల్లను పిలిపించాడు. చూపుడు వేలికి గుడ్డపేలిక కట్టుకుని వచ్చింది.

“కానాగంతకు ఐదే ఉంటయని నీకెవరు జెప్పిన్రమ్మా?”

“సుభాష్ సార్ గైడుల ఉంది సార్. నలభై ఆరో పేజీ. రాసింది కరెక్టే. ఫోటోనే వేరే చేపది.”

ఆ మాట ఆమె ఎగతాళిగా అనలేదు. నన్ను తప్పు పట్టాలనీ లేదు. ఐదుకు, ఎనిమిదికి తేడా చెప్పింది, అంతే. అందుకే నాకు ఒళ్లు మండింది. ఎక్స్‌టర్నల్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

“మీ పుస్తకాన్ని మీకంటె బాగా చదివింది సార్ మీ పిల్ల! ఇగ నాకు బండి టైమైంది. రేపు పొద్దుగాల రెండు బ్యాచీల ముంగట జాడీ తీసి లెక్కవెడ్దాం. పిల్ల జెప్పిందే నిజమైతే యూనివర్సిటీకి రాయాలె. పద్నాలుగు కాలేజీల సంగతి గద.”

పేపర్ల కట్ట నాకే అప్పగించి పోయాడు. రక్షిత ఆయనకూ నాకూ నమస్తే పెట్టి హాస్టల్‌కు పోయింది. ఆమె ముఖం చూస్తే రేపు తనకు బహుమతి ఇస్తారన్నట్టుగా ఉంది.

తలుపు దగ్గరికి వేసి జాడీ మూత తీశాను. చేపను బయటికి లాగి తోక నుంచి తల వైపు వేలు జరిపాను. చర్రున తెగింది. దొంగకు తేలు కుట్టినట్టు, నోరెత్తకుండా వేలు చప్పరించాను. నాలుక మీద ఫార్మలిన్ మంట. విడి రెక్కలు లెక్కపెట్టాను. ఎనిమిది. కింది రెక్క ముందర రెండు ముళ్లు. పదకొండేళ్లలో దాన్ని నేను లెక్కపెట్టడం అదే మొదటిసారి.

భయం వేసింది. గైడు పోతుంది, వైస్ ప్రిన్సిపాల్‌ను చేస్తానన్న కరస్పాండెంటు మాట పోతుంది. మహబూబాబాద్ నుంచి భూపాలపల్లి దాకా స్టాఫ్‌రూముల్లో నా పేరు చెప్పుకుని సమోసాలు తింటారు. తప్పు నాది. కోపం మాత్రం ఆ పిల్ల మీద వచ్చింది. రాయాల్సింది రాసి రెండు మార్కులు తీసుకుని పోతే దాని సొమ్మేం పోయింది? ఒక చేప పేరు కానాగంత అయితేనేం, కాకపోతేనేం, గంగారం తండాలో ఎవరికి కావాలి? అట్లా నన్ను నేను సముదాయించుకుని, ఆమె పేపరు మడిచి జేబులో పెట్టుకుని స్టేషన్ అవతలికి నడిచాను.

ఇంకా పొద్దు గూకలేదు. మరియం బీ కత్తిపీట ముందు కూర్చుని రవ్వ చేప పొట్టు గీకుతోంది. కానాగంతలు ఉన్నాయా అంటే, హోటలు వాళ్లు చెప్పి పెట్టుకున్న పెట్టె చూపించింది. ఐసులో ముప్పై నలభై చేపలు కలగలిసి ఉన్నాయి. నేను నేల మీద కూర్చుని పేపరు విప్పి మోకాలి మీద పెట్టుకున్నాను. రక్షిత అక్షరాలు గుండ్రంగా, విడివిడిగా ఉంటాయి. ఒక్కొక్క చేపనూ తీసి, ఆమె రాసిన ఒక్కొక్క గుర్తూ చదివి చూసుకున్నాను. ఏ గుర్తులను బట్టి ఆమె కాదన్నదో ఆ గుర్తులేవీ లేని చేప నాకు కావాలి. రెండు చేపలకు తోక గరుకుగా తగిలింది, పక్కన పడేశాను. ఒకదానికి రెక్కలు తెగిపోయి ఉన్నాయి. ఐదోసారో ఆరోసారో దొరికింది. పైన ఐదు, కింద ఐదు. తోక పక్కన వేలికి ఏమీ తగల్లేదు, సబ్బు మీద రాసినట్టు జారింది.

“ఏంది సారూ, చేపను కొంటవా, లగ్గం జేస్కుంటవా? గంత సేపు జూస్తున్నవ్,” అంది మరియం బీ.

“పదకొండేండ్ల కింద నీ దగ్గర ఒకటి కొన్న. కానాగంత కాదది.”

“అప్పుడు గిట్ల జూడలే గద నువ్వు. అడిగినవ్, ఇచ్చిన.”

కాలేజీకి తిరిగి వచ్చేసరికి ఫకీర్ అహ్మద్ తాళాలు వేస్తున్నాడు. లోపలికి రమ్మని సంచీలోని చేప చూపించాను. ముప్పై ఏళ్లుగా జాడీల్లో మందు మార్చేది అతనే. విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది.

“వద్దు సార్. ఆ పిల్ల నిజమే రాసింది. వేలు దెగి నెత్తురు గారితె నేనే గుడ్డ గట్టిన,” అన్నాడు.

“మీ గజాలా ఫస్టియర్ల ఉంది కదా ఫకీర్ భాయ్. దాని ప్రాక్టికల్స్ గూడ నా చేతిలవే,” అన్నాను.

గజాలా అతని మనవరాలు. అతను చేతులు కడుక్కుని సిరంజి అందుకున్నాడు. చేప పొట్టలోకి, వీపులోకి గట్టి మందు ఎక్కించాడు. పచ్చటి వీపు రంగు పోవడానికి బ్లీచింగ్ పౌడరు నీళ్లలో గంటసేపు ముంచాడు. తీసేసరికి పాతదానిలాగే వెలిసిపోయింది. జాడీలోని పాత పసుపు నీళ్లలోనే దాన్ని నిలబెట్టి మూత వేశాం. పాత చేపను పారేయమన్నాను, మళ్లీ నేనే ఆపాను. కుక్కలు ఈడ్చుకొచ్చి గేటు ముందు పడేస్తాయేమోనని భయం. ఖాళీ ఊరగాయ సీసాలో మందు పోసి, అందులో వేసి బీరువా వెనక దాచాను.

మరునాడు ఎక్స్‌టర్నల్ చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. రెండు బ్యాచీల పిల్లలు, నలభై మంది, బల్ల చుట్టూ నిలబడ్డారు. చేపను చిమటాతో పట్టి తెల్ల ట్రేలో పెట్టి, రక్షితను ముందుకు పిలిచాడు.

“నువ్వే లెక్కవెట్టు. అందరికి ఇనవడాలె.”

ఆమె వంగింది. “ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు,” అంది. ఆగింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. రెండోసారి కూడా ఐదు దగ్గరే ఆగింది. కట్టు కట్టిన వేలు విడిచి ఇంకో వేలితో తోక నుంచి తల వైపు రాసింది. ఏమీ గీసుకోలేదు. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

“సార్, గిది నేను జూసిన చేప గాదు,” అంది.

“మరి నువ్వు జూసిందేమాయె? రాత్రికి రాత్రి ఈదుకుంట పోయిందా?” అన్నాడు ఎక్స్‌టర్నల్. అందరూ నవ్వారు.

రక్షిత నవ్వు ఆగేదాకా ఉండి, చేప తల వైపు వేలు చూపించింది. “దీని కన్ను జూడుండ్రి సార్. ఇంక నల్లగనే ఉంది. నిన్నటిదాని కన్ను సున్నం బిళ్ల లెక్క తెల్లగుండె. గిది నిన్ననో మొన్ననో మందుల ఏసిన చేప.”

కన్ను సంగతి నాకు తట్టలేదు. ఆమె పేపర్లో కన్ను గురించి రాయలేదు కనుక నేను చూడలేదు. ఎక్స్‌టర్నల్ చేప మీదికి వంగి, తర్వాత నా వైపు తల తిప్పాడు. ఆ ఒక్క క్షణంలో అంతా బయటపడేదే. కానీ ఇరవై రెండేళ్లు క్లాసు నడిపినవాణ్ణి, పిల్లలను ఎక్కడ నొక్కితే నవ్వుతారో నాకు తెలుసు.

“నిన్న అయిదు రెక్కలను ఎనిమిదిగ జూసిన కండ్లు సార్. ఇయ్యాల తెల్లది నల్లగ గనవడితె ఆశ్చర్యమేముంది?” అన్నాను.

నలభై మందీ గొల్లున నవ్వారు. ఎక్స్‌టర్నల్ కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. ఒకసారి నవ్విన మనిషి మళ్లీ వంగి కన్ను చూడడు.

ఆమె తన వేలు పైకెత్తింది. “మరి గిదెట్ల దెగింది సార్?”

“జాడీ మూత అంచు పగిలి ఉంది. దానికే దెగింది. జాడీలు తెరవొద్దని రూలు పెట్టినం, తెరిచింది,” అన్నాను. నా వేలు జేబులో దాచుకున్నాను.

ఎక్స్‌టర్నల్ ఫకీర్ అహ్మద్‌ను పిలిచి, జాడీలో ఎప్పుడూ ఉండే చేప ఇదేనా అని అడిగాడు. అతను నేల చూపులు చూస్తూ, “పదకొండేండ్ల సంది గిదే సార్,” అన్నాడు. రక్షిత అప్పటిదాకా ఏడవలేదు. తన వేలికి గుడ్డ కట్టిన మనిషి నోట ఆ మాట విన్నాక ఏడ్చింది.

రూలు ప్రకారం మాల్‌ప్రాక్టీస్ కాగితం రాశారు. పరీక్షలో నమూనాను చెడగొట్టి, దాన్ని కప్పిపుచ్చడానికి అబద్ధమాడినట్టు. ఎక్స్‌టర్నల్ కొంచెం వెనకాడాడు. ఆడపిల్ల, పీజీ సీటు వచ్చిందట కదా, వదిలేద్దామా అన్నాడు. ఒకరిని వదిలేస్తే రేపు నలుగురు జాడీలు తెరుస్తారని నేనే చెప్పాను. జువాలజీ ఫలితం ఏడాది ఆపేశారు. జూలై దాటిపోతుంది, సీటు ఇంకెవరికో పోతుంది. కింద నేనూ సంతకం పెట్టాను.

నాలుగో రోజున ఆమె తండ్రి జాల్యా వచ్చాడు. గంగారం నుంచి మహబూబాబాద్, అక్కడి నుంచి తొర్రూరు, తొర్రూరు నుంచి జనగామ, మూడు బస్సులు మారి వచ్చాడట. భుజం మీద ఎండుమిర్చి సంచీ ఉంది. సంచీ నా బల్ల పక్కన దించి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రక్షిత తలుపు దగ్గరే ఆగింది.

“సారూ, పోరి సిన్నది. ఒక్క సంవత్సరం పాయమాలు జెయ్యకుండ్రి. కాళ్లు మొక్కుతది.”

“నా చేతిల లేదు జాల్యా. కాగితం యూనివర్సిటీకి పోయింది,” అన్నాను. అది నిజమే. తర్వాత అన్నది మాత్రం నిజం కాదు. “క్షమాపణ పత్రం రాసిస్తే వచ్చే ఏడన్నా రాయనిస్తరు. లేకుంటే మూడేండ్లు పోతది.”

అటువంటి రూలేదీ లేదు. ఆమె చేతి రాతతో ఒక కాగితం నా దగ్గర ఉండాలనిపించింది, అంతే. రక్షిత రాయనంది. జాల్యా తమ భాషలో ఏదో అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను బిడ్డను కొట్టలేదు. తన చెంపలు తానే ఫటఫటా కొట్టుకున్నాడు, నా బల్ల ముందే. “బాపు, ఆగు, రాస్త,” అని ఆమె పరిగెత్తుకొచ్చి అతని చేతులు పట్టుకుంది.

‘జాడీ మూత తెరిచాను, తప్పు’ అని రాసి ఇచ్చింది. సరిపోదన్నాను. చేపకు ఐదు రెక్కలే ఉన్నాయని, తాను ఎనిమిదని అబద్ధం రాశానని కూడా రాయమన్నాను. చివరికి రాసింది. అవే గుండ్రటి అక్షరాలు.

పోతూ పోతూ జాల్యా గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు. “సారూ, ఒక్కటి అడుగుత. మా బిడ్డ సిన్నప్పటి సంది అబద్ధమాడలే. నిజంగ ఆడిందా?”

“ఆడింది,” అన్నాను.

అతను కూతురి వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపులో అనుమానం ఉంది. నేను చూశాను, ఆమె కూడా చూసింది. నేను ఆమెకు చేసినవాటిలో సీటు పోగొట్టడం చిన్నదని ఆ రోజే తెలిసింది. అయినా కాగితం మడిచి బీరువాలో పెట్టి తాళం వేశాను.

మా ఆవిడ కళావతి జాల్యా వదిలిపోయిన మిర్చి చాటలో పోసి చూసి, “ఒక్క తాలు లేదు. ఎవరేరిన్రో గని, పని తెలిసినోళ్లు,” అని మెచ్చుకుంది. ఆ ఏడాదంతా అదే కారం తిన్నాం.

నేను వైస్ ప్రిన్సిపాల్‌నయ్యాను. గైడు రెండో ముద్రణ వచ్చింది, నలభై ఆరో పేజీ ఫోటో అట్లాగే ఉంది. ఫకీర్ అహ్మద్ రిటైరయ్యాడు. గజాలాను వేరే కాలేజీలో చేర్పించాడు. బజారులో ఎదురైతే సలాం చేయకుండా పక్కకు తప్పుకుంటాడు. బ్లీచింగ్‌లో నానిన చేప మాత్రం నిలవలేదు. దీపావళి దాటేసరికి పొట్ట విచ్చుకుని మందు బురదలా మారింది. ఒకరోజు నేనే దాన్ని తీసి పాతిపెట్టి, జాడీ కడిగి ఖాళీగా ఉంచాను.

మళ్లీ పరీక్షలు వచ్చాయి. పాత బాకీలు రాసేవాళ్ల జాబితాలో గుగులోతు రక్షిత పేరుంది. ఏడో నంబరులో ఇంకేదైనా పెట్టొచ్చు. సముద్రపు గుర్రం ఉంది, సొర పిల్ల ఉంది. బీరువా వెనక నుంచి ఊరగాయ సీసా తీశాను. పాత చేప చెక్కుచెదరలేదు. కన్ను సున్నం బిళ్లలాగా తెల్లగా ఉంది. దాన్నే జాడీలో నిలబెట్టాను. ఆమె ఏం చేస్తుందో చూడాలనిపించింది. ఏమో, అది కూడా కాదేమో. మళ్లీ ఎనిమిది అని రాస్తే ఈసారి ఒప్పుకుందాం అని కూడా అనుకున్నాను. అట్లా అనుకోవడం సులువు, రాసేది ఆమె కదా.

ఈసారి ఎక్స్‌టర్నల్ వేరే ఆయన, ఫోన్లో మునిగిపోయాడు. గంట నేనే కొట్టాను. రక్షిత చిక్కిపోయింది. చీర కట్టుకుని వచ్చింది. ఒకటి నుంచి ఆరు దాకా మిగతా పిల్లల్లాగే నంబరు చూసి రాసుకుంటూ పోయింది. ఏడో దాని ముందుకు వచ్చి ఆగిపోయింది. ఆమె పెదవులు కదలడం చూశాను. ఎనిమిది సార్లు కదిలాయి. కన్ను దగ్గరికి ముఖం తెచ్చింది. చెయ్యి మూత మీదికి పోబోయి, వెనక్కి వచ్చి కొంగు చివర పట్టుకుంది. తర్వాత తలెత్తి నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. ఎనిమిదని రాయి, ఒక్కసారి రాయి అని లోపల నిజంగానే కోరుకున్నాను. పైకి గంట కొట్టాను.

పేపరు ఇవ్వడానికి వచ్చినప్పుడు అడిగాను. “పీజీ ఎంట్రెన్స్ మళ్ల రాసినవా?”

“లేద్సార్. తొర్రూరుల ప్రైవేటు స్కూల్ల జెప్తున్న. ఏడు, ఎనిమిది తరగతులకు సైన్సు.”

“ఏం జెప్తున్నవ్?”

“పుస్తకంల ఏముంటె గది జెప్తున్న సార్,” అంది.

ఆమె పోయాక పేపరు తిప్పాను. ‘ఏడో నంబరు. కానాగంత. వీపు మీది రెండో రెక్క వెనక ఐదు విడి రెక్కలు ఉన్నాయి. తోక పక్కన ఒళ్లు నున్నగా ఉంది.’ గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. రెండు మార్కులకు రెండు వేసి, పక్కన ‘గుడ్’ అని రాశాను.